భద్రమ్మ పెట్టిన పథ్యం

భద్రమ్మ ఇంట్లో మందు అంటే ముందు గుర్తొచ్చేది డాక్టరు కాదు, పథ్యం. జ్వరం గోలీ అయినా, దగ్గు మందు అయినా, కాల్లో మేకు దిగితే వేయించుకున్న సూది అయినా సరే, అది ఒంట్లో పడిన క్షణం నుంచి ఆ మనిషి నోటికి పులుపు తగలకూడదు. చింతపండు లేదు, టమాట లేదు, మామిడికాయ లేదు. పెరుగు కూడా కాస్త పులిస్తే లేదు. ఆమె తండ్రి కామెర్లకు పసరు పోసేవాడు. గుట్టలెక్కి ఆకు తెచ్చి నూరి, పరగడుపున తాగించి, నెల రోజులు పులుపు తగిలితే మందు ఇరుగుతది అని హెచ్చరించి పంపేవాడు. జబ్బు తగ్గినవాళ్లు ఆయన మందు గొప్పదన్నారు. తగ్గనివాళ్లు ఎక్కడో పులుపు తిని ఉంటారని ఆయన అన్నాడు. ఓడిపోయే దారే లేని ఈ వైద్యాన్ని చూస్తూ పెరిగింది కాబట్టి భద్రమ్మకు పథ్యం మీద గట్టి గురి కుదిరింది.

విచిత్రం ఏమిటంటే, ఆమె కాపురానికి వచ్చింది నిమ్మతోట ఉన్న ఇంటికి. కట్టంగూరు అవతల, ఎర్రచెలకల మెట్టభూముల మధ్య మూడెకరాల తోట. భర్త అంజయ్య కాయ కోయిస్తాడు, కొడుకు సైదులు ట్రాలీ ఆటోలో బస్తాలు వేసుకొని నకిరేకల్ మార్కెట్‌కు తోలుతాడు. వాకిట్లో ఎప్పుడు చూసినా నిమ్మకాయల కుప్ప ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరికైనా జలుబు చేసిందా, ఆ కుప్ప పక్కనే కూర్చొని, ఆ వాసనే పీలుస్తూ, ఒక్క చుక్క నాలుకకు తగలకుండా వారం గడపాలి. ఎవరైనా ఎదురు మాట్లాడితే భద్రమ్మ దగ్గర సాక్ష్యం సిద్ధంగా ఉండేది.

"ఒక్క నిమ్మచుక్క పడితే గిన్నెడు పాలు ఇరుగుతయి. గింతంత గోలీ ఇరగదా?"

దానికి జవాబు చెప్పినవాడు ఆ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు. పాలు విరగడానికీ మందు విరగడానికీ మాట ఒకటే అయినప్పుడు సంగతి కూడా ఒకటే అయి ఉండాలి కదా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషితో ఎవరు వాదిస్తారు?

ఈ ఇంటికి నిహారిక కోడలుగా వచ్చింది. తల్లి లేని పిల్ల. తండ్రి లింగస్వామి మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ పెంచుకున్నాడు, డిగ్రీ చదివించాడు. అప్పగింతల వేళ ఆయన భద్రమ్మ రెండు చేతులూ పట్టుకొని, "అత్తవైనా నువ్వే, తల్లివైనా నువ్వే చెల్లె" అన్నాడు. అలాంటి మాటలు అందరూ అంటారు, అందరూ తలూపుతారు. భద్రమ్మ మాత్రం ఆ మాటను మనసులో పెట్టుకుంది. ఆమెకు ఆడపిల్లలు లేరు. నిహారిక రాత్రి పూట పక్కన కూర్చొని, ఫ్లోరైడు బోరునీళ్లకు బిగుసుకుపోయిన తన మోకాళ్లకు నూనె రాస్తుంటే, ఈ పిల్లను దేవుడు ఆలస్యంగానైనా నాకే ఇచ్చాడు అనుకునేది. అందుకే కోడలు నెల తప్పగానే, తొలికాన్పు తల్లిగారింట్లో కదా అని ఎవరో అనబోతే, "తల్లిగారిల్లు గిదే" అని ఆ మాటను అక్కడే తుంచేసింది.

ఐదో నెలలో రక్తం పరీక్ష చేశారు. పెద్ద దవాఖానలో డాక్టరు మానస, ఇంకా పెళ్లి కూడా కాని పిల్ల, కాగితం చూసి నొసలు ముడిచింది. పదకొండు ఉండాల్సిన చోట ఎనిమిదే ఉందట. కాన్పులో ఎంతోకొంత రక్తం పోతుందని, ఉన్నదే తక్కువైతే ఆ పోయేదాన్ని ఈ అమ్మాయి తట్టుకోలేదని చెప్పింది. ఎర్ర గోలీలు, తెల్ల గోలీలు రాసిచ్చింది. నిహారిక బయట బల్ల మీద కూర్చొని ఉండగా, అవి ఎట్లా వేసుకోవాలో నర్సు సైదులుకు వివరంగా చెప్పింది. ఆ సమయానికి సైదులు చెవి దగ్గర ఫోను ఉంది, ఫోనులో మార్కెట్ దళారి ఉన్నాడు, ఆ రోజు నిమ్మ ధర పడిపోయింది. ఇంటికి వచ్చాక తల్లి అడిగితే అతనికి గుర్తున్నది ఒక్కటే.

"తిన్నంక ఏసుకోవాల్నట అమ్మా. ఐరన్ గోలీలట."

ఐరన్ అంటే భద్రమ్మకు తెలిసింది సైదులు పెళ్లిళ్లకు పోయేటప్పుడు ప్యాంటుకు చేయించుకునేది. దానికీ కడుపుతో ఉన్న పిల్లకూ సంబంధం ఏమిటో అర్థం కాలేదు. గోలీలు ఎర్రగా ఉన్నాయి, రక్తం కోసం ఇచ్చారు. కాబట్టి అవి రక్తం గోలీలు అని తనే పేరు పెట్టుకుంది. రక్తం గోలీ అంటే చిన్న మందు కాదు. దానికి పథ్యం కూడా అంత పెద్దగానే ఉండాలి.

ఆ రోజు నుంచి పులుపు అనేది నిహారిక కంచం దరిదాపులకు రాలేదు. పొద్దున్నే పెద్ద గ్లాసెడు బర్రెపాలు, మీగడతో సహా. ఉత్త నీళ్లతో మింగితే ఏం బలం వస్తుందని ఆ పాలతోనే ఎర్ర గోలీ. దానితోపాటే తెల్ల గోలీ కూడా, రెండూ పోయేది ఒకే దారిన కదా, పిల్లను రెండుసార్లు సతాయించడం ఎందుకు. గోలీ మింగాక నిహారికకు కడుపులో తిప్పేది. అది చూడలేక మామ అంజయ్య తనే పొయ్యి ముందు కూర్చొని, అల్లం దంచి, చిక్కగా చాయ్ పెట్టి, "జర తాగు బిడ్డా, నోరు మంచిగైతది" అని ఇచ్చేవాడు. మధ్యాహ్నం పాలకూర పప్పు, చింతపండు లేకుండా. రాత్రి రాగిజావ, దాని మీద మళ్లీ పాలు. ఇంట్లో అందరూ ఆ పిల్లను ప్రాణంగా చూసుకున్నారు, అందులో అనుమానం లేదు. ఆ ప్రేమలన్నీ కలిసి కడుపులో ఆ ఎర్ర గోలీని ఏం చేస్తున్నాయో మాత్రం ఒక్కరికీ తెలియదు.

నెల తిరిగేసరికి పరీక్ష చేస్తే రక్తం పెరగలేదు. ఇంకాస్త తగ్గింది.

ఇంట్లో అందరూ అయోమయంలో పడ్డారు. తలా ఒక కారణం చెప్పారు. సైదులు గోలీలు మంచివి కావన్నాడు, నల్గొండ పోయి ఖరీదైన సీసా మందు తెచ్చాడు. అంజయ్య తప్పంతా బోరునీళ్లదన్నాడు. పక్కింటి ఆండాళు వచ్చి దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు తిప్పి పోసింది. నిహారిక సిగ్గుపడుతూ అత్త చెవిలో ఒక మాట చెప్పింది, దొడ్డికి పోతే నల్లగా వస్తోందని. దాంతో భద్రమ్మ గుండె జారిపోయింది.

"చూసినవా, మందంతా ఉత్తగనే బయటికి పోతాంది. పథ్యం ఎక్కడ్నో ఇరుగుతాంది."

అప్పటి నుంచి ఆమె ఇంట్లో దొంగ కోసం వెతకసాగింది. పప్పులో ఎవరైనా టమాట వేశారా? సైదులు బజారు నుంచి ఏమైనా తెచ్చి పెడుతున్నాడా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ భద్రమ్మ పట్టేసింది. కోడలి పరుపు దులుపుతుంటే దాని కింద ఎండిన నిమ్మతొక్కలు రాలాయి, వాటితో పాటు కొన్ని ఉప్పు రవ్వలు.

నిహారిక అబద్ధమాడలేదు. "నోరూరింది అత్తమ్మా. వాకిట్ల కాయలు కనపడంగనే ఆగలేకపోయిన. ఉప్పు అద్దుకొని రెండు బద్దలు తిన్న" అంది.

"ఎన్నిసార్లు?"

"రెండు మూడుసార్లు."

"గందుకేనే రక్తం పడుతలేదు! నేను ఊరంతా తప్పు పట్టుకుంట తిరుగుతున్న, తప్పు నా ఇంట్ల పరుపు కిందనే ఉన్నది" అని భద్రమ్మ నెత్తి కొట్టుకుంది.

నిహారిక ఏడ్చింది. అత్త తిట్టినందుకు కాదు. తన నాలుక రుచి కోసం కడుపులో బిడ్డకు రక్తం లేకుండా చేశానని ఏడ్చింది. అత్త కాళ్ల మీద చేతులు పెట్టి, ఇక ముట్టనంది. భద్రమ్మ ఆ పిల్ల చెయ్యి తీసి ఆ పిల్ల కడుపు మీదే పెట్టించి, పులుపు తాకనని ఒట్టు వేయించింది. వాకిట్లో కుప్పను తోటలోని రేకుల కొట్టానికి మార్పించింది. ఆ రాత్రి భద్రమ్మ హాయిగా నిద్రపోయింది. దొంగ దొరికింది, ఇక రక్తం పెరగడమే మిగిలిందనుకుంది.

మళ్లీ నెల గడిచాక దవాఖానకు ఈసారి ఆమే పోయింది. సైదులును నమ్మేది లేదు, వీడు ఫోనులో ఉంటాడు. డాక్టరు మానస కాగితం చూసి, నిహారిక కనురెప్పను కిందికి లాగి చూసి, భద్రమ్మ వైపు తిరిగింది. ఏడు దాటి కొంచెమే ఉంది.

"గోలీలు వేసుకుంటోందా అసలు?"

"నా చేతులతోని ఏపిస్తున్న డాక్టరమ్మా. ఒక్క పూట తప్పలే."

"దేనితో వేస్తున్నారు?"

"పాలతోని" అంది భద్రమ్మ గర్వంగా. "మీగడ గూడ తియ్య."

డాక్టరు చేతిలో పెన్ను ఆగింది. "తెల్ల గోలీ ఎప్పుడు?"

"దానితోటే. రెండు ఒక్కసారే."

"పైన చాయ్ గానీ తాగుతుందా?"

"మా ఇంటాయన పెట్టి ఇస్తడు. మంచిగ చిక్కగ."

"పులుపు?"

భద్రమ్మ ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు నిటారుగా కూర్చుంది. "చుక్క తగలనియ్యలే. నడుమ ఒక్కసారి దొంగతనంగ నిమ్మబద్దలు తిన్నది. తెలిసినంక కడుపు మీద ఒట్టు పెట్టిచ్చిన."

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకుంది. కోప్పడాలా నవ్వాలా అని ఆలోచిస్తున్నట్టు కనిపించింది. చివరికి రెండూ చేయకుండా నెమ్మదిగా అంది.

"అమ్మా, పాలు ఆ ఎర్ర గోలీని ఒంటికి పట్టనియ్యవు. తెల్ల గోలీ కాల్షియం, అదీ పట్టనియ్యదు. చాయ్ అసలే పట్టనియ్యదు. పట్టించేది పులుపే. ఈ రెండు నెలల్లో ఈ అమ్మాయి చేసిన మంచిపని ఏదైనా ఉంటే ఆ దొంగతనంగా తిన్న నిమ్మకాయే."

"గదేంది డాక్టరమ్మా, పులుపు తగిలితే మందు ఇరుగుతది గద?"

"విరగనీ. విరిగితేనే ఒంటికి పడుతుంది. అది ఇనుము అమ్మా. ఐరన్ అంటే ఇనుము. ఇనుము ఊరికే మింగితే రక్తంలో కలుస్తుందా?" బయట ఇంకా చాలామంది వరుసలో ఉన్నారు. ఆమె కాగితం మీద రాస్తూనే చెప్పింది. "అన్నం తిన్నాక, నిమ్మరసం పిండిన నీళ్లతో ఎర్రది. రాత్రికి తెల్లది. పాలూ చాయ్ గోలీకి దూరంగా. నెల రోజులు చూస్తా. పెరగకపోతే సూదిమందు ఎక్కించాలి. అప్పటికీ ఇట్లాగే ఉంటే కాన్పు ఇక్కడ చెయ్యం, హైదరాబాద్ పోవాలి. నొప్పులు మొదలయ్యాక అంత దూరం పోయేదాకా ఆగుతుందని నేను చెప్పలేను."

తిరుగు ప్రయాణంలో ఆటోలో భద్రమ్మ మందుల కాగితం ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఆమె బుర్రలో మూడు మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మందు విరగాలట. పాలు చెడుపు చేస్తాయట. ఇన్నాళ్లూ తను ఈ పిల్లకు మింగించింది ఇనుమట. మొదటిది వింటే తండ్రి మీద, రెండోది వింటే తన మీదే కోపమొచ్చింది, మూడోది వింటే భయమేసింది. పక్కన నిహారిక రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. ఆ పిల్ల ఏమనుకుంటోందో అడగాలనిపించింది, అడగడానికి ధైర్యం చాలలేదు.

ఇంటికి చేరాక అయోమయం తగ్గకపోగా పెరిగింది. ఆండాళు విని బుగ్గ మీద వేలేసుకుంది. "డాక్టర్లకు పథ్యం ఏం తెలుసక్కా, వాళ్లు సూదులే సదివిన్రు. పులుపు పెట్టినవనుకో, కడుపు జారుతది" అంది. సైదులు ఫోనులో వీడియోలు పెట్టాడు. ఒకాయన నిమ్మకాయ అమృతం అన్నాడు. ఇంకొకాయన మందుతో నిమ్మకాయ విషం అన్నాడు. మూడో ఆమె బీట్‌రూట్ తప్ప ఏదీ పనికిరాదంది. సైదులు నాలుగోది పెట్టబోతే అంజయ్య ఫోను లాక్కున్నాడు. తను పెట్టిన చాయ్ గురించి డాక్టరు అన్న మాట విన్నప్పటి నుంచి ఆయన పొయ్యి వైపు కూడా చూడటం లేదు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పులుపు పెట్టి, ఆ డాక్టరు పిల్ల మాట తప్పైతే, తెలిసి తెలిసి కోడలిని చంపుకున్నట్టు. పెట్టకుండా, తన మాటే తప్పైతే? ఆ ఆలోచన దగ్గరికి వచ్చినప్పుడల్లా భద్రమ్మ లేచి ఏదో ఒక పనిలో పడేది. రెండు రోజులు ఏ గోలీ ఇవ్వలేదు. ఇవ్వడానికి చేతులు రాలేదు. నిహారిక కూడా అడగలేదు.

మూడో రోజు నిమ్మకాయ ఊరగాయ తొక్కు పెట్టే పని పడింది. ఆండాళు సాయానికి వచ్చింది. కాయలు కోయడానికి మూల ఉన్న పాత కత్తిపీట లాక్కొని కూర్చుంది. లోపలి నుంచి అది చూసిన భద్రమ్మ, ఏళ్ల అలవాటు కొద్దీ, అరిచింది.

"అగో, ఇనుప కత్తిపీటతోని కోస్తవేందే? స్టీలు కత్తి తీస్కో. పులుపు ఇనుమును తింటది, తొక్కంత నల్లగైతది!"

అరిచి, గడప దగ్గర అట్లాగే నిలబడిపోయింది. ఇది ఎవరూ ఆమెకు చెప్పిన మాట కాదు. కోసి కడగకుండా వదిలేసిన కత్తి తెల్లారేసరికి నల్లగా కొరుక్కుపోవడం ఆమె కళ్లతో చూసింది. ఇనుప మూకుడులో పులుసు పెడితే, మూకుడు గొంతులోకి దిగుతుందని కోడళ్లను తిట్టే అత్తలు ఆ ఊళ్లో పదిమంది ఉన్నారు, వాళ్లలో తనూ ఒకతె. పులుపు ఇనుమును కరిగించి కూరలోకి తెస్తుంది. మరి కడుపులో ఉన్న ఇనుమునో? నెత్తురులోకి తేదా? ఏమో, అట్లా అవునో కాదో. కత్తి వేరు, కడుపు వేరు. కానీ డాక్టరు చెప్పిన దాంట్లో తన చేతికి అందిన మాట ఇదొక్కటే.

ఆండాళు కత్తి మార్చుకుంటూ, "ఏమైందక్కా?" అంది.

"ఏం లేదు. నాకొక కాయ ఇటియ్యి" అంది భద్రమ్మ.

నిహారిక అప్పుడే అన్నం తిని చెయ్యి కడుక్కుంటోంది. భద్రమ్మ గ్లాసులో నీళ్లు పోసి, సగం కాయ పిండి, ఎర్ర గోలీ అరచేతిలో పెట్టుకొని ఎదురుగా నిలబడింది. ఎంతో ఆశగా తాగుతుందనుకుంది. నిమ్మకాయ కోసం దొంగతనం చేసిన పిల్ల కదా. నిహారిక గ్లాసు వాసన చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దత్తమ్మా. ఒట్టు పెట్టిన గద, కడుపు మీద."

"నేనే చెప్తున్న గద, తాగు."

"అప్పుడు గూడ మీరే చెప్పిన్రు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నట్టయితే భద్రమ్మ తట్టుకునేది, తిరిగి నాలుగు అనేది కూడా. ఆ పిల్ల నిజంగానే భయపడుతోంది. చెప్పింది చెప్పినట్టు చేసి, తప్పు తనదేనని ఏడ్చి, కాళ్లు పట్టుకున్న పిల్ల, ఇప్పుడు ఎవరి మాట వింటే బిడ్డ బతుకుతుందో తెలియక గోడకు ఆనుకొని నిలబడింది. భద్రమ్మకు సిగ్గుతో ముఖం కాలిపోయింది. ఇంత సిగ్గు ఆమె జీవితంలో ఎరుగదు.

"అవ్ బిడ్డా, అప్పుడు గూడ నేనే చెప్పిన. అప్పుడు తెలుసనుకొని చెప్పిన. ఇప్పుడు తెల్వకనే చెప్తున్న. డాక్టరమ్మ మాట నిజమనిపిస్తాంది, గంతే. నిమ్మకాయ తిన్న తప్పు నీది కాదు. నిన్ను ఏడిపిచ్చిన తప్పు నాది" అంది. గ్లాసు పక్కన పెట్టి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకొని, కోడలి కడుపు మీద పెట్టింది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. పెట్టిచ్చింది నేను, తీసింది నేను. ఏదన్న అయితే నాకే కావాలె, నీకు నీ బిడ్డకు తాకొద్దు."

నిహారిక అత్త ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత గోలీ తీసుకొని, గ్లాసెత్తి గటగటా తాగింది. పులుపుకు కళ్లు మూసుకొని, పెదాలు చప్పరించి, చాలాకాలం తర్వాత నవ్వింది. ఆ సాయంత్రం పప్పులో చింతచిగురు పడింది. అంజయ్య చాయ్ పెట్టుకొని తోటలోకి పోయి ఒక్కడే తాగివచ్చాడు.

నెలకు పరీక్షలో రక్తం తొమ్మిది దగ్గరికి వచ్చింది. ఆ తర్వాతి నెలకు పది దాటింది. సైదులు తన సీసా మందు పనిచేసిందన్నాడు, ఆండాళు తను దిష్టి తీసింది పనిచేసిందంది. భద్రమ్మ ఎవరితోనూ వాదించలేదు. పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ ఆమె గదిలో తన పథ్యం ఊసు ఎత్తకుండా కూర్చొని, డాక్టరు చెప్పే ప్రతి మాటా రెండుసార్లు అడిగి చెప్పించుకునేది. నర్సులు విసుక్కునేవారు.

కాన్పు అంత తేలికగా కాలేదు. ఆడపిల్ల పుట్టింది, బాగానే ఏడ్చింది, కానీ ఆ వెనకే నిహారికకు రక్తస్రావం ఆగలేదు. తలుపు అవతల జనం అటూ ఇటూ పరుగెత్తడం, సామాను చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం వినిపించింది. లింగస్వామి మేళ్లచెరువు నుంచి బయల్దేరానని ఫోను చేశాడు. సైదులు ఫోను తల్లికి ఇచ్చాడు. ఆమె "రా అన్నా, జల్ది రా" అని పెట్టేసింది. తల్లివైనా నువ్వే అన్న మనిషికి ఏం జవాబు చెప్పాలో ఆమెకు తోచలేదు.

చాలాసేపటికి డాక్టరు మానస బయటికి వచ్చింది. ముఖమంతా చెమట. రక్తం ఆగిందనీ, ఇద్దరూ క్షేమమేననీ చెప్పింది. భద్రమ్మ చేతులు జోడించబోతే ఆమె తల అడ్డంగా ఊపింది.

"మేం చేసింది సగమే అమ్మా. ఒంట్లో రక్తం ఉంది కాబట్టి నిలబడింది. ఏడో నెలలో ఉన్న రక్తంతోనే వచ్చి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు."

డాక్టరు ధైర్యం చెప్పడానికే ఆ మాట అంది. భద్రమ్మ మాత్రం వరండాలో నేల మీదే కూర్చుండిపోయింది. సైదులు నీళ్లు తెచ్చి తాగమంటే, గ్లాసు పట్టుకొని అట్లాగే ఉండిపోయింది. తను దొంగను పట్టుకున్నానని హాయిగా నిద్రపోయిన రాత్రి గుర్తొచ్చి ఆమెకు ఏడుపు ఆగలేదు. లోపలికి పోనిచ్చాక నిహారిక మంచం పక్కన నిలబడి, "నా చేతులతోని నిన్ను సంపుకునేదాన్ని గద బిడ్డా" అంది. నిహారిక నీరసంగా అత్త చెయ్యి పట్టుకొని, "మనకు తెల్వకపాయె అత్తమ్మా" అంది. మీకు అనలేదు, మనకు అంది. ఆ మాటకు భద్రమ్మ ఇంకా ఎక్కువ ఏడ్చింది.

బాలింత ఇంటికి వచ్చిన రోజు వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. పసిపిల్లను చూశారు, నానమ్మ పోలికా తాత పోలికా అని కాసేపు తగువులాడుకున్నారు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చారు. బాలింతకు పథ్యం అంటే కడుపుతో ఉన్నప్పటి పథ్యానికి తాతలాంటిది. వంకాయ పెట్టొచ్చా, పప్పు ఎన్నాళ్లకు పెట్టాలి, నీళ్లు ఎంత తాగనియ్యాలి, చల్లవి ముట్టొచ్చా, ఒకామె ఒకటంటే ఇంకొకామె దానికి ఎదురు చెప్పింది. మాట తెగలేదు. ఇట్లాంటి చోట తీర్పు చెప్పే మనిషి ఆ ఊళ్లో ఒక్కతే ఉంది. అందరూ ఆమె వైపు తిరిగారు.

"నువ్వు చెప్పక్కా, ఏం పెట్టాలె, ఏం పెట్టొద్దు?" అంది ఆండాళు.

భద్రమ్మ నోరు తెరిచింది. జవాబులన్నీ వరుసగా నాలుక మీదికి వచ్చాయి. తండ్రి చెప్పినవి, అత్త చెప్పినవి, తను నలుగురికి చెప్పి మెప్పు పొందినవి. వాటిలో ఏది మంచిదో ఏది చెడ్డదో ఇప్పుడు ఆమెకు తెలియదు. కొన్ని మంచివే అయి ఉండొచ్చు. ఏవో తెలియదు.

"నాకు తెల్వదు" అంది.

ఆండాళు నవ్వింది. "జోకులేస్తున్నవా? నీకు తెల్వకపోతే ఇంకెవలకు తెలుస్తది?"

"నిజంగనే తెల్వదు ఆండాళూ. డాక్టరమ్మ ఫోన్ నంబర్ సైదులు దగ్గరున్నది, అడుగుత."

వాకిట్లో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లోపలి గదిలోంచి నిహారిక పిలిచింది, ఆకలవుతోందని. భద్రమ్మ లేచి, అలవాటుగా వంటింటి వైపు నడిచి, మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి కోడలి గది గుమ్మం దగ్గరికి వెళ్లింది. ఆ పిల్ల ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి కంచంలో ఏం పడాలో చెప్పిందే గానీ, ఆమె ఎప్పుడూ ఈ మాట అడగలేదు.

"ఏం తినాలనిపిస్తాంది బిడ్డా?" అని అడిగింది.